ఏ బ్యాండు గొప్పో తేల్చేముందు వాల్యూమ్ సరిచేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో కొన్ని వారాలుగా బీటిల్స్ గొప్పా, రోలింగ్ స్టోన్స్ గొప్పా, క్వీన్ గొప్పా, లెడ్ జెప్లిన్ గొప్పా అని పాఠకులు రాస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. ఇంత పట్టుదలగా వాదించుకునే అభిమానులు ఉండటం ఏ సంగీతానికైనా మంచిదే. కానీ అచ్చయిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే పొరపాటు కనిపిస్తోంది. ఒక బృందానిది స్టూడియో పాట, ఇంకో బృందానిది ఎవరో ఫోన్‌లో తీసిన కచేరీ వీడియో. ఒకరిది 1960ల నాటి ముద్రణ, మరొకరిది నిన్నమొన్నటి రీమాస్టర్ (పాత రికార్డింగును మళ్లీ దిద్దిన ముద్రణ). ఇలా ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టి పోలిస్తే వచ్చే తీర్పు సంగీతం మీద కాదు, రికార్డింగు మీద. రెండు పక్షాల పాటలూ ఒకే స్థితిలో వినాలి, లెక్కలు చెబితే ఆ లెక్క ఎలా కట్టారో తెలిసి చెప్పాలి. నా మనవి అంతే. అది ఎలా చేయాలో కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వాల్యూమ్. రెండు పాటల్లో కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపించడం చెవి స్వభావం. ధ్వని తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు మిగతావాటికన్నా త్వరగా పలచబడిపోతాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే ఒకే పాటను రెండు డెసిబెల్స్ పెంచి వినిపిస్తే ఎవరూ "గట్టిగా ఉంది" అనరు. "బేస్ నిండుగా ఉంది, గొంతు దగ్గరగా ఉంది, వాయింపులో ఊపు ఉంది" అంటారు. మెచ్చుకున్నది వాద్యకారుడిని కాదు, ఆ రెండు డెసిబెల్స్‌ను.

ఈ తేడా చిన్నది కాదు. 1990ల నుంచి మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చివరగా దిద్దే దశలో, పాటను వీలైనంత గట్టిగా ముద్రించే పోటీ నడిచింది. లిమిటర్ అనే సాధనంతో ధ్వని శిఖరాలను అణచి, మొత్తం పాటను పైకి లేపేస్తారు. పాత ముద్రణ సగటు మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట సగటు గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర, కొత్త రీమాస్టర్ మైనస్ 8 దగ్గర ఉన్నాయనుకుందాం. ఆ 10 డెసిబెల్స్ తేడా చెవికి సుమారు రెండింతల ధ్వనిగా తెలుస్తుంది. అలా అణచినప్పుడు ముందు దెబ్బతినేది డ్రమ్స్. స్నేర్ అనే డ్రమ్ మీద పుల్ల పడిన తొలి క్షణపు మొన అరిగిపోతుంది. 2008లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' మీద జరిగిన గొడవ ఇదే. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేములో ఇంత నలిగిపోకుండా వినిపించాయి. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయమని (గొంతులు, వాయిద్యాల పాళ్లు మళ్లీ కలపమని) సంతకాలు సేకరించారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ కూడా మిక్స్‌లు తన దగ్గరికి వచ్చేసరికే అణచివేసి ఉన్నాయని చెప్పారు. అలాంటి ఆల్బమ్‌లో డ్రమ్స్ పగిలినట్టు వినిపిస్తే డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ చేతిని తప్పుపట్టకూడదు కదా.

స్ట్రీమింగ్ యాప్‌లో ధ్వని సరిసమానం చేసే సౌకర్యం ఉంటుంది. సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా రెండు చిక్కులున్నాయి. స్పాటిఫైలో మామూలు స్థాయి మైనస్ 14. గట్టి పాటను అక్కడికి దించడం తేలికే. మెత్తటి పాత పాటను అక్కడికి ఎత్తాలంటే మాత్రం దాని శిఖరాలు అడ్డొస్తాయి. శిఖరం పగలకుండా ఎంతవరకు వీలైతే అంతవరకే లేపి వదిలేస్తారు. కాబట్టి కొత్త రీమాస్టర్‌కూ పాత ముద్రణకూ ఆ స్థాయిలో కూడా తేడా మిగిలిపోవచ్చు. నిశ్శబ్ద (క్వైట్) స్థాయిని ఎంచుకుంటే లక్ష్యం మైనస్ 19కి దిగుతుంది, పాత పాట కూడా చాలావరకు అక్కడికి చేరుతుంది. తగ్గిన మేరకు ఫోన్ వాల్యూమ్ పెంచుకోవచ్చు. గట్టి (లౌడ్) స్థాయి జోలికి మాత్రం పోకండి, అందులో యాప్ తన సొంత లిమిటర్‌ను కూడా వాడుతుంది. ఇక రెండో చిక్కు. ఆల్బమ్‌ను వరసగా వింటే ఆల్బమ్ మొత్తానికీ ఒకే సవరణ వర్తిస్తుంది, అందులోని మెత్తటి పాట మెత్తగానే ఉంటుంది. పోల్చదలచుకున్న రెండు పాటలనూ వేరే ప్లేలిస్టులో పెట్టి వినాలి.

దగ్గర ఫైళ్లు ఉన్నవారికి ఇంకా మంచి దారి ఉంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో రెండు పాటలూ తెరిచి, పల్లవికి పల్లవి, గిటార్ సోలోకి సోలో, ఒక్కొక్కటి 30, 40 సెకన్ల ముక్కలు కత్తిరించండి. లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఎఫెక్ట్‌లో రెండింటికీ మైనస్ 20 ఇవ్వండి. మొత్తం పాటను కాకుండా ముక్కను ఎందుకు కొలవాలంటే, మెల్లగా మొదలై చివర్లో విరుచుకుపడే పాటకు సగటు తక్కువ వస్తుంది. ఆ సగటును పట్టుకుని పెంచితే దాని పల్లవి అవతలి పాట పల్లవికన్నా గట్టిగా మోగుతుంది. ఈక్వలైజర్, బేస్ బూస్ట్, హెడ్‌ఫోన్లలో ఉండే త్రీడీ ఎఫెక్ట్‌లు అన్నీ ఆపేయండి. ఒక ముక్క అయిన వెంటనే రెండోది రావాలి. ధ్వని తీరు మనసులో నిలిచేది కొన్ని క్షణాలే. మధ్యలో ఇద్దరు మాట్లాడుకుంటే మళ్లీ మొదటి నుంచి వినాల్సిందే.

"రీమాస్టర్ వచ్చాకే ఈ బ్యాండు అసలు సత్తా తెలిసింది" అనేవారికి ఇంకొక్క పరీక్ష. పాతదీ కొత్తదీ ధ్వని సరిచేసి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా వేరొకరిచేత వేయించుకోండి. పదిసార్లు వేసి, ప్రతిసారీ వరుసను నాణెం ఎగరేసి నిర్ణయించాలి. గుడ్డిగా చెప్పినా పదిలో తొమ్మిది లేదా పది సరిపోయే అవకాశం సుమారు ఒక్క శాతమే కనుక, తొమ్మిది సరిగ్గా చెబితే తేడా నిజంగా వినిపిస్తున్నట్టే. ఎనిమిదైతే అవకాశం అయిదు శాతం దాటుతుంది, మరో విడత చేయాలి. ఇది ఒకే పాట రెండు ముద్రణలకు పనికొచ్చే పరీక్ష. రెండు బ్యాండుల మధ్య దీనితో పని లేదు, అక్కడ ఎవరిదేదో మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది.

ఇక ఏ మిక్స్ అన్న విషయం. బీటిల్స్ దగ్గర ఇది చాలా ముఖ్యం. వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో, రెండు ట్రాకుల టేపు మీద రికార్డయ్యాయి. దాని స్టీరియో ముద్రణలో గొంతులు ఒకవైపు, వాయిద్యాలు మరోవైపు ఉంటాయి. ఇద్దరు స్నేహితులు ఒకే జత ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని వింటే ఒకరు బ్యాండు లేని గాయకులను, ఇంకొకరు గాయకులు లేని బ్యాండును విన్నట్టు! ఆ తర్వాత వాళ్లిద్దరూ వాదించుకోవడంలో అర్థమే లేదు. 1967 నాటి 'సార్జంట్ పెప్పర్స్' దాకా వచ్చినా బృందం శ్రద్ధంతా మోనో మిక్స్ (రెండు వైపులా ఒకే ధ్వని) మీదే, స్టీరియో పని తక్కువ రోజుల్లో ముగించారు. అందులోని 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో స్టీరియోకన్నా వేగంగా, ఒక అర్ధస్వరం పైన వినిపిస్తుంది. ఒకే పాట, ఒకే ఆల్బమ్, శ్రుతే వేరు. పాట ఈడుస్తోందని ఒకరు, లేదని ఇంకొకరు రాస్తే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. 2009లో మోనో మిక్స్‌లన్నీ ఒక సెట్‌గా విడుదలయ్యాయి కాబట్టి పోల్చి చూడటం కష్టమేమీ కాదు.

ఫోన్ స్పీకర్ మీద విని బేస్ గిటార్ గురించి తీర్పు ఇవ్వడం ఇంకో తప్పు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ నుంచి అంత కింది ధ్వని దాదాపు రాదు. ఆ స్వరంతోపాటే పైన మోగే ఉపస్వరాలను పట్టుకుని మన మెదడు స్వరాన్ని ఊహించుకుంటుంది కనుక ఏ స్వరమో తెలుస్తుంది గానీ బరువు తెలియదు. పాల్ మెకార్ట్‌నీ (బీటిల్స్), జాన్ పాల్ జోన్స్ (లెడ్ జెప్లిన్), జాన్ డీకన్ (క్వీన్) ముగ్గురిలో ఎవరిది మంచి బేస్ అని రాసేవారు మామూలు వైరు హెడ్‌ఫోన్లతోనైనా విని రాయాలి.

డ్రమ్మర్ల సంగతికి వస్తే నాకు చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే అన్యాయం ఎక్కువగా జరిగేది వాళ్లకే. "బోనమ్ డ్రమ్స్ ఎంత పెద్దగా మోగుతాయో చూడండి, చార్లీ వాట్స్ ఆయన ముందు ఎంత" అని లెడ్ జెప్లిన్, స్టోన్స్ డ్రమ్మర్లను పోలుస్తూ ఒక పాఠకుడు రాశారు. 1971 నాటి జెప్లిన్ పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్' లో వినిపించే ఆ పెద్ద శబ్దంలో సగం పాలు గదిది. హెడ్లీ గ్రేంజ్ అనే భవనంలో మెట్లదారి కింద డ్రమ్స్ పెట్టి, ఇంజినీరు ఆండీ జాన్స్ పైమెట్ల దగ్గర రెండు మైకులు కట్టి రికార్డు చేశారు. ఆ మెట్లదారి ప్రతిధ్వనికి కంప్రెషన్ (గట్టి, మెత్తటి ధ్వనుల తేడా తగ్గించడం), ఎకో యూనిట్ తోడయ్యాయి. బోనమ్ గొప్పతనం వినాలంటే 1969 నాటి 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్' లో కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) వినండి. ఒకే పెడల్, ఒకే పాదం, అయినా ట్రిప్లెట్లు (మూడేసి దెబ్బలు) అంత వేగంగా పడుతుంటే రెండు కిక్ డ్రమ్‌లున్నాయని భ్రమ కలుగుతుంది. అది గది ఇచ్చింది కాదు, కాలు ఇచ్చింది.

చార్లీ వాట్స్ దగ్గర వినవలసింది వేరు. మామూలుగా డ్రమ్మర్లు కుడిచేత్తో హై-హ్యాట్ (జంట తాళాలు) ఆపకుండా కొడుతూ, రెండో, నాలుగో దెబ్బకు ఎడమచేత్తో స్నేర్ కొడతారు, ఆ క్షణంలో రెండూ కలిసి మోగుతాయి. వాట్స్ స్నేర్ కొట్టే క్షణంలో కుడిచెయ్యి ఎత్తేసేవాడు. దాంతో స్నేర్ ఒంటరిగా, ఖాళీలోంచి వచ్చి పడుతుంది. స్టోన్స్ పాటల్లో కాస్త వెనక్కి వాలినట్టుండే నడకకు ఇదొక కారణం. కచేరీ వీడియోలో ఆయన కుడి మణికట్టును చూస్తూ, వేగం సగానికి తగ్గించి ఒక్క నిమిషం చూడండి, స్పష్టంగా కనిపిస్తుంది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతివాటం మనిషి, కుడిచేతివాటానికి అమర్చిన డ్రమ్స్ వాయించాడు. అందుకే డ్రమ్ నుంచి డ్రమ్‌కు మారే చోట ఆయన చేతులు మిగతావాళ్ల దారిలో వెళ్లవు, ఫిల్స్‌లో (వరుసల మధ్య ఖాళీ నింపే వాయింపులో) ఆ వింత నడక వస్తుంది. వేగంగా వాయించలేదు కాబట్టి తక్కువవాడు అనేవారు ఆ ఫిల్ ఒక్కటి తమ చేతులతో బల్ల మీద వాయించి చూస్తే అభిప్రాయం మారుతుంది.

లయ నిలకడ గురించి రాసేవారు కొలిచి రాయాలి. 15 సెకన్లలో దెబ్బలు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే, ఒక్క దెబ్బ తప్పినా నిమిషానికి నాలుగు తేడా వస్తుంది. పాట మొదట్లో పూర్తి నిమిషం, చివర్లో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. క్లిక్ ట్రాక్ (వాయించేవారి చెవిలో తాళం వేసే టిక్‌టిక్) వాడని పాత రికార్డింగుల్లో పల్లవి దగ్గర వేగం కొద్దిగా పెరగడం సహజం. ఇవాళ్టి పాటల్లో చాలావరకు వేగం కంప్యూటర్ గీతకు కట్టేసి ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "కొత్తవాళ్ల తాళం గట్టిది" అంటే గెలిచింది యంత్రం.

గొంతుల వాదనలో అందరూ స్థాయిల (ఆక్టేవ్‌ల) సంఖ్య పట్టుకుంటారు. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి నాలుగు స్థాయిలని చాలామంది రాశారు. 2016లో ఆస్ట్రియా, చెక్, స్వీడన్ పరిశోధకులు ఆయన రికార్డింగులను విశ్లేషిస్తే తేలింది 37 అర్ధస్వరాలు, అంటే మూడు స్థాయిలూ ఒక అర్ధస్వరం. మాట్లాడే గొంతు సుమారు 117 హెర్ట్జ్, అంటే బారిటోన్ (మధ్యస్థ పురుష గొంతు) మనిషి. అసలు విశేషం ఆయన కంపితంలో (వైబ్రాటోలో) ఉంది. సెకనుకు సుమారు ఏడుసార్లు ఊగేది. శాస్త్రీయ గాయకుల కంపితం మామూలుగా దానికన్నా నిదానం. బారిటోన్ గొంతుతో అంత పైన, అంత బిగువుగా, అంత చురుకైన కంపితంతో పాడటమే క్వీన్ అభిమానులు చెప్పుకోవలసిన గొప్ప. స్థాయిల పట్టికల్లో ఒక్కసారి అరిచిన కేకనూ, దొంగగొంతు స్వరాన్నీ కూడా కలిపేస్తారు. వాటివల్ల గాయకుడి గురించి తెలిసేది చాలా తక్కువ. ఊపిరి ఎక్కడ తీశాడు, పదం మొదట్లో స్వరాన్ని సూటిగా పట్టాడా, కిందినుంచి జార్చి పట్టాడా అన్నది వినండి.

కచేరీలను పోల్చేటప్పుడు శ్రుతి చూడాలి. వయసు పెరిగేకొద్దీ గాయకులు పాటను అర్ధస్వరమో, పూర్తి స్వరమో దించి పాడతారు, అందులో తప్పేం లేదు. పాట చివర నిలిచే బేస్ స్వరాన్ని ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌కు వినిపించి, స్టూడియో పాటతో సరిచూస్తే ఎంత దించారో అర నిమిషంలో తెలుస్తుంది. "నలభై ఏళ్ల తర్వాత కూడా అదే గొంతు" అని రాసేముందు ఈ పని చేయాలి. జనంలోంచి ఫోన్‌తో తీసిన వీడియోలు ఇలాంటి పోలికకు అసలు పనికిరావు. ఫోన్ మైకు గట్టి ధ్వనిని తనంతట తానే తగ్గించి, మెత్తటిదాన్ని పెంచేస్తుంది. విడుదలైన 'లైవ్' ఆల్బమ్‌ల్లో కూడా తర్వాత స్టూడియోలో దిద్దినవి చాలా ఉన్నాయి. 1997లో ఆటో-ట్యూన్ వచ్చాక వేదిక మీదే గొంతును దిద్దడానికీ వీలు కలిగింది. 1985 జులై 13న వెంబ్లీలో, చాలా బృందాలు పాల్గొన్న లైవ్ ఎయిడ్ కచేరీలో, క్వీన్ వాయించిన సుమారు 21 నిమిషాలు రాక్ చరిత్రలో గొప్ప ఘట్టమే. ఆ 21 నిమిషాలను ఇంకో బృందం రెండున్నర గంటల కచేరీతో పోల్చడం మాత్రం సరికాదు. అదే రోజు అదే వేదిక మీద అంతే సమయం దొరికినవాళ్లతో పోల్చండి, క్వీన్ ఎంత బిగువుగా కూర్చుకున్నారో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

అంకెల సంగతి. అమెరికాలో పది లక్షల ఆల్బమ్ అమ్మకాలకు ఒక ప్లాటినం గుర్తింపు. ఈగల్స్ పాటల సంకలనానికి 2018 నాటికి 38, మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' కు 2021 నాటికి 34 ప్లాటినాలు వచ్చాయి. బీటిల్స్ 'వైట్ ఆల్బమ్' కు 24 వచ్చాయి కాబట్టి రెండుకోట్ల నలభై లక్షల మంది కొన్నారని ఒక ఉత్తరంలో రాశారు. అది రెండు డిస్కుల ఆల్బమ్, ప్రతి సెట్‌నూ రెండుగా లెక్కించారు. సెట్లు కోటీ ఇరవై లక్షలు. పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' కూ అదే లెక్క. 2016లో 1500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్ అమ్మకంగా కలపడం మొదలుపెట్టారు, ఆల్బమ్‌లో ఒక్క పాటనే 1500 సార్లు విన్నా సరే.

చార్టులు ఇంకా చిక్కు. 1991 దాకా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టు దుకాణాలవాళ్లు చెప్పిన మాట మీద తయారయ్యేది. ఆ ఏడాది మే నెలలో దుకాణాల బార్‌కోడ్ లెక్కలు వాడటం మొదలుపెట్టగానే ర్యాప్, కంట్రీ ఆల్బమ్‌లు ఒక్కసారిగా పైకి లేచాయి. శ్రోతలు రాత్రికి రాత్రి మారలేదు, లెక్క మారింది. పాటల చార్టులో 1998 డిసెంబరు దాకా విడిగా సింగిల్‌గా అమ్మితేనే చోటు. లెడ్ జెప్లిన్ 'స్టెయిర్‌వే టు హెవెన్' ను అమెరికాలో అలా అమ్మలేదు, అందుకే అప్పట్లో ఆ చార్టులోకే రాలేదు. ఆ బృందానికి అక్కడ దక్కిన పైస్థానం నాలుగే. దీన్ని చూపించి జెప్లిన్‌ను తక్కువ చేయడం అన్యాయం. 1964 ఏప్రిల్‌లో బీటిల్స్ మొదటి అయిదు స్థానాలూ, 2022 నవంబరు 5 నాటి చార్టులో టేలర్ స్విఫ్ట్ మొదటి పది స్థానాలూ ఆక్రమించారు. మొదటిది ఒక్కో రికార్డునూ విడివిడిగా కొని తెచ్చుకున్న రోజుల నాటిది. రెండోది ఆల్బమ్ విడుదలైన రోజే అన్ని పాటలూ ఒకేసారి స్ట్రీమ్ అయ్యే రోజులది. రెండూ పెద్ద ఘనతలే, ఒకదానితో ఒకటి తూచదగినవి కావు.

చివరగా, "వాయిద్యాలు వాయించరు, బీటీఎస్ ఏం బ్యాండు" అని ఆ కొరియా గాయకబృందం మీద వచ్చిన ఉత్తరం గురించి. 1960ల్లో అమెరికాలో 12 పాటలను మొదటి స్థానానికి తీసుకెళ్లిన గాయనీబృందం సుప్రీమ్స్ కూడా వాయించలేదు, వాళ్ల రికార్డు కంపెనీ మోటౌన్ స్టూడియో వాద్యబృందం వాయించింది. బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' లో వాయిద్యాలు చాలావరకు స్టూడియో కళాకారులవే, ఆ ఆల్బమ్ గొప్పతనం బ్రయాన్ విల్సన్ కూర్పులోనూ బృందం గొంతుల పొందికలోనూ ఉంది. గాయకబృందాన్ని గొంతుల కలయిక, నృత్యం చేస్తూ ఊపిరి నిలపడం, పాటల ఎంపిక చూసి తూచాలి. రచన గురించి మాట్లాడేవారు కూడా పేర్లను అలాగే జాగ్రత్తగా చదవాలి. లెనన్, మెకార్ట్‌నీ ఎవరు రాసినా ఇద్దరి పేర్లూ వేసుకున్నారు. 1989 ఆల్బమ్‌లో క్వీన్ పాటలన్నిటికీ బృందం పేరే వేసింది. అంతకుముందు నలుగురూ విడివిడిగా రాసినవారే, 1980లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' బేసిస్టు డీకన్‌ది.

సంపాదకులు గారూ, ఇకపై వచ్చే ప్రతి ఉత్తరం కింద ఏ రికార్డింగు, ఏ ఏడాది ముద్రణ, మోనోనా స్టీరియోనా, దేని మీద విన్నారు అన్న నాలుగు వివరాలు ఒక్క వరుసలో అచ్చువేయండి. "ఎవరు గొప్ప" అన్న ప్రశ్న బదులు చిన్న ప్రశ్న ఇవ్వండి. 1969లో బీటిల్స్ నుంచి 'కమ్ టుగెదర్', స్టోన్స్ నుంచి 'హాంకీ టాంక్ విమెన్' వచ్చాయి, రెండూ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లాయి. ఒకదానిలో రింగో టామ్ డ్రమ్‌ల మీద నడిపిన తీరు, రెండోదానిలో నిర్మాత జిమ్మీ మిల్లర్ కౌబెల్ తర్వాత వాట్స్ అందుకుని పాట పొడుగునా వేగాన్ని పెంచుకుంటూ పోయిన తీరు. ఈ రెండింటినీ ఒకే ధ్వనిస్థాయిలో విని ఏ డ్రమ్మరు పాటకు ఏం చేశాడో రాయమని పాఠకులను అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు